హెల్సింకిలో మనవాడి బంగారు పతకం

ఇది చదివాక నా తెలివితేటల మీద గౌరవం పెరుగుతుందని ఆశపడే చుట్టాలెవరైనా ఉంటే, దయచేసి ఇక్కడే ఆగిపోండి. తప్పులు అందరూ చేస్తారు. ఒకరు పరీక్షలో లెక్క తప్పుతారు, ఇంకొకరు పెళ్ళికని వెళ్ళి పక్క హాల్లో భోంచేసి వస్తారు. నేను మాత్రం ఒకే దెబ్బకి ఒక దర్శకుణ్ణి, ఒక నిర్మాతని, రెండు దేశాల సైన్యాలని కలిపి ముంచాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఫిలింనగర్‌లో మూర్తి గారనే దర్శకుడి దగ్గర కథా విభాగంలో ఉండేవాణ్ణి. కథా విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. మేడ మీద ఒక గది, ఐదు ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన టీ. మూర్తి గారు ఏదైనా చెప్పగానే "సూపర్ సార్" అనడం మా ఉద్యోగం. ఆయన నోరు తెరవకముందే అనగలిగినవాడు సీనియర్.

ఒకరోజు నిర్మాత యాదగిరి గారు వచ్చారు. షేక్‌పేట మనిషి. తాతల నాటి పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మేడలయ్యాయి, ఇక మిగిలింది సినిమా తీయడమే. కూర్చోగానే కథ చెప్పేశారు.

"మన తెలంగాణ పోరడు ఉరకాలె. తెల్లోళ్ళంత ఎన్కవడాలె. జనం ఏడ్వాలె. గంతే."

"సూపర్ సార్," అన్నాం ముక్తకంఠంతో.

మూర్తి గారు కళ్ళు మూసుకుని ధ్యానించారు. "పీరియడ్ సినిమా చేద్దామండీ. నిజాం కాలం. కుర్రాడు ఏకంగా ఒలింపిక్స్‌కి వెళ్ళి గెలుస్తాడు. ఏమోయ్, మీలో ఒలింపిక్స్ చరిత్ర తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఇక్కడ నా క్రీడా చరిత్ర కొంచెం చెప్పాలి. స్కూల్లో రిలే పందెంలో ఒక్కసారి పరిగెత్తాను. చేతిలో కర్రని తీసుకెళ్ళి ఎదుటి జట్టువాడికి ఇచ్చాను. వాడు "థ్యాంక్స్" అని గెలిచేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రెండుచోట్లా ఓడినవాడు ఏం చేయాలో చెప్పలేదు. అలాంటివాడు చెయ్యెత్తాడు.

"నేను చాలా పరిశోధన చేశాను సార్."

ఆ పరిశోధన మర్నాడు మధ్యాహ్నం మొదలై, బిర్యానీ పొట్లం ఖాళీ అయ్యేలోపు పూర్తయింది. నా విశ్వవిద్యాలయం నా ఫోనే. సాయంత్రానికి నేను పండితుణ్ణి.

"సార్, పూర్వం గ్రీకు దేశంలో ఆటగాళ్ళు బట్టల్లేకుండా పరిగెత్తేవారు," అన్నాను.

యాదగిరి గారు ఉలిక్కిపడ్డారు. "మన హీరో గట్ల ఉరుకడు. ముందే చెప్తున్న."

"అది రెండు వేల ఏళ్ళ పైమాట సార్. తర్వాత కొత్త ఒలింపిక్స్ వచ్చాయి. మొదట్లో తాడు లాగే పోటీకి కూడా పతకం ఇచ్చేవారు. ఒక మారథాన్‌లో అయితే ఒకాయన సగం దూరం కారులో వచ్చి, చివర దిగి పరిగెత్తి, మొదటివాడిలా నిలబడ్డాడు."

"అరె, తెలివిగల్లోడే!" అన్నారు నిర్మాత. ఆయనకు ఒలింపిక్స్ మీద గౌరవం కలిగింది ఆ క్షణంలోనే.

"కొన్నేళ్ళు కవిత్వానికి కూడా పతకాలిచ్చారు సార్."

"అయితే మనవాడు పరిగెత్తుతూ కవిత చదువుతాడు," అన్నారు మూర్తి గారు. సూపర్ సార్.

ఇలా వారం రోజులు నేను వాగుతుంటే వాళ్ళు వింటున్నారు. నాకు కుర్చీ మారింది. టీ వేడిగా వస్తోంది. ఇక మిగిలింది ఏ సంవత్సరం అన్నదే.

"ముప్ఫై ఆరు అందరికీ తెలిసిందే. నలభై ఎనిమిది నాటికి స్వాతంత్ర్యం వచ్చేసింది. మధ్యలో ఏమైనా ఉందా?" అన్నారు మూర్తి గారు.

ఫోన్‌లో పట్టిక తీశాను. ఉంది! పన్నెండో ఒలింపిక్స్, 1940, హెల్సింకి. నంబరుంది, ఊరుంది, సంవత్సరముంది. సంవత్సరం పక్కన బుజ్జి నక్షత్రం గుర్తు కూడా ఉంది. బాగా జరిగిన ఆటలకు అలా నక్షత్రం పెడతారు కాబోలనుకున్నాను. విజేతల గడి మాత్రం ఖాళీగా ఉంది. రికార్డులు పోయుంటాయి. నా బుర్ర పాదరసంలా పనిచేసింది.

"సార్, మనకోసమే ఉన్నట్టుంది. విజేతల పేర్లు ఎక్కడా లేవు. మనవాడు గెలిచాడంటే కాదనేవాడే లేడు!"

మూర్తి గారు లేచి నన్ను కౌగిలించుకున్నారు. పాఠకులారా, మునిగే పడవలో కూడా కిటికీ పక్క సీటు దొరికిందని మురిసిపోయేవాడు ఒకడుంటాడు. వాణ్ణి గుర్తుపట్టారు కదా.

సంఖ్యాశాస్త్రం చూసే ఆయన్ని పిలిపించారు. ఆయన ఒకటీ తొమ్మిదీ నాలుగూ సున్నా కూడి పద్నాలుగన్నాడు, ఆ పద్నాలుగుని మళ్ళీ కూడి ఐదన్నాడు. యాదగిరి గారి అంకె కూడా ఐదే. అంతే, సంవత్సరం శిలాశాసనమైపోయింది. షేక్‌పేటలో నిర్మాత గారి ఖాళీ స్థలంలో అట్టలతో, ప్లైవుడ్‌తో స్టేడియం లేచింది. 'హెల్సింకి 1940' అని తాటికాయంత అక్షరాలు. నేను పతాక సన్నివేశం రాశాను: పరుగు ముగియగానే ఓడిపోయిన ఇంగ్లీషువాడు, జర్మనీవాడు కన్నీళ్ళతో కౌగిలించుకుని, మన హీరోని చెరో భుజం మీద ఎక్కించుకుంటారు. రాస్తూ నేనే ఏడ్చాను.

హీరోకి పరుగు నేర్పడానికి మేరీ సుగుణ గారు వచ్చారు. మధురానగర్‌లో ఉంటారు, ఊరు బాపట్ల వైపు. స్కూల్లో వ్యాయామం టీచరుగా చేసి రిటైరయ్యారు. నేత చీర, తెల్ల కాన్వాసు బూట్లు, మెళ్ళో ఈల. మా హీరో, అంటే వంద కార్లు ఎగిరిపడుతుంటే వెనక్కి తిరక్కుండా నడిచివచ్చే హీరో, ఆవిడ ఈల వేస్తే తొమ్మిదో తరగతి పిల్లాడిలా వరసలో నిలబడేవాడు.

ఒకరోజు ఆవిడ నన్ను పక్కకి పిలిచారు.

"బాబూ, కథ ఏ సంవత్సరం అన్నావు?"

"పంతొమ్మిది వందల నలభై అండీ."

"అప్పుడు యుద్ధం జరుగుతోంది కదా నాయనా?"

"యుద్ధం యుద్ధమే, ఆటలు ఆటలేనండీ."

"ఎందుకైనా మంచిది, ఒక్కసారి చూసుకో."

అప్పుడు నేనన్న మాట ఇవాళ్టికీ గుర్తొస్తే నాలుక కొరుక్కుంటాను. "మేడమ్, కాళ్ళ సంగతి మీరు చూసుకోండి. చరిత్ర సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ చిన్నగా నవ్వి ఈల తుడుచుకున్నారు. ఆ నవ్వు నన్ను ఎర్రగడ్డలో మా ఇంటికి వెళ్ళే మెట్రో రైలు దాకా వెంబడించింది. నిలబడే పట్టిక మళ్ళీ తీశాను. ఈసారి కిందికి జరిపాను. ఇంకా కిందికి. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో నక్షత్రం, దాని పక్కన ఒకే ఒక్క వాక్యం: యుద్ధం కారణంగా ఈ క్రీడలు జరగలేదు.

జరగలేదు! నంబరు మాత్రం వేసి వదిలేశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆటా లేదు పోటీ లేదు, మనవాడికి మాత్రం బంగారం! నేను భుజం భుజం కలిపి ఏడిపించిన ఆ ఇంగ్లీషువాడూ జర్మనీవాడూ ఆ ఏడాదంతా ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకుంటున్నారు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయిన సంగతి కూడా తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే మూర్తి గారి గదికి వెళ్ళాను.

"సార్, సంవత్సరం గురించి చిన్న సందేహం..."

"అంకె ఐదు కుదిరిందయ్యా. సంవత్సరం తప్ప ఏదైనా అడుగు."

"అది కాదు సార్, ఒలింపిక్స్..."

"ఒలింపిక్స్ తప్ప ఏదైనా అడుగు."

"టీ తాగారా సార్?" అన్నాను. అలా నా నిజాయితీ టీతో ముగిసింది.

ముహూర్తం రోజు వచ్చింది. విలేకరులు, కెమెరాలు, పూలదండలు, బెలూన్లు. మొదటి షాట్ నేను రాసిన భుజాల సన్నివేశమే. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ పని చేసే ఇద్దరు తెల్లవాళ్ళని తెచ్చారు. ఒకతను నిజంగా ఇంగ్లీషువాడు. రెండో అతను నిజంగా జర్మన్, పేరు యోహాన్. సహజంగా ఉంటుందని ఏరికోరి తెప్పించింది ఎవరనుకున్నారు? నేనే.

మూర్తి గారు సన్నివేశం వివరించారు. యోహాన్ మర్యాదగా చెయ్యెత్తి ఇంగ్లీషులో అడిగాడు.

"ఇది ఏ సంవత్సరం?"

"1940," అన్నారు మూర్తి గారు గర్వంగా.

యోహాన్ పక్కనున్న ఇంగ్లీషువాణ్ణి చూశాడు. వాడు యోహాన్‌ని చూశాడు. "మా ముత్తాత అప్పుడు సైన్యంలో ఉన్నాడు," అన్నాడు యోహాన్. "ఇతని ముత్తాత అవతలి సైన్యంలో. వాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో తెలియదు గాని, హెల్సింకిలో మాత్రం లేరు."

మైకు ఆన్‌లో ఉంది. విలేకరుల్లో ఒక నవ్వు వినిపించింది, తర్వాత పది. ఎవరో ఫోన్ తీశారు. క్షణంలో మూర్తి గారి చేతిలోకి ఆ పట్టిక వచ్చింది. ఆయన కిందికి, ఇంకా కిందికి జరుపుతుంటే నా ప్రాణం కూడా అదే దారిలో జారింది.

"ఈ నక్షత్రం గుర్తు నువ్వు చూడలేదూ?"

"చూశాను సార్. బాగా జరిగాయేమో అనుకున్నాను."

"ఏందయ్యా గిది?" యాదగిరి గారు గద్దించారు. "జర సమజయ్యేటట్టు చెప్పు. ఒలింపిక్స్ అయిందా, కాలేదా?"

కుడితిలో పడ్డ ఎలుక కూడా చివరి ఈత ఈదుతుంది. "సార్, పాత గ్రీకులు ఆటల కోసం యుద్ధాలు ఆపేవారు. వీళ్ళు కూడా ఒక పది రోజులు..."

"ఆపలేదు," అన్నాడు యోహాన్, ఎంతో ఓపికగా.

యాదగిరి గారు అట్టల స్టేడియంవైపు చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు, అదే భయంకరం. మోసపోయిన పెద్దమనిషి దిగులు ఉంది. నా కాళ్ళ కింద షేక్‌పేట కదిలింది.

అప్పుడు మైకులో మేరీ సుగుణ గారి గొంతు వినిపించింది.

"నేనొక మాట చెప్పొచ్చా అండీ? ఆ ఏడు ఆటలు జరగలేదు, నిజమే. కానీ ఆటలుంటాయని నాలుగేళ్ళు పరిగెత్తినవాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళ సంగతేంటి?"

అందరూ అటు తిరిగారు.

"నన్ను చిన్నప్పుడు ఆసియా ఆటలకి ఎంపిక చేశారు. అక్కడ చలిగా ఉంటుందని మా చర్చిలో ఆడవాళ్ళంతా కలిసి స్వెట్టర్ అల్లారు. ఆఖరి వారంలో మనుషుల్ని తగ్గించారు, నా పేరు పోయింది. తర్వాత వచ్చిన మే నెలంతా, బాపట్ల ఎండలో, ఆ స్వెట్టర్ వేసుకునే పరిగెత్తాను. అది ఊరికే పోకూడదని. మీ కుర్రాడు కూడా పరిగెత్తనివ్వండి. గెలిపించకపోతేనేం?"

విలేకరులు నవ్వడం మాని రాసుకుంటున్నారు. యాదగిరి గారే నెమ్మదిగా అడిగారు.

"టీచరమ్మా, గెల్వనోని కథ ఎవరు జూస్తరు?"

"గెలవనివాళ్ళే కదండీ ఎక్కువమంది. వాళ్ళు చూస్తే చాలదూ?"

యాదగిరి గారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. "జనం ఏడ్వాలె అన్న. నేనే ఏడుస్తున్న. గిదే తీయుండ్రి."

మూర్తి గారు వెంటనే మైకు అందుకుని, "నేను మొదటినుంచీ చెబుతున్న కథ ఇదే," అన్నారు. సూపర్ సార్.

నేను మేరీ సుగుణ గారి దగ్గరికి వెళ్ళి తల వంచుకున్నాను. "టీచర్ గారూ, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది. క్షమించండి."

"క్షమించాను నాయనా. నలభై రౌండ్లు."

"నలభయ్యా?"

"సంవత్సరం నువ్వు చెప్పిందే కదా. పంతొమ్మిది వందలు నేను వదిలేశాను."

ఈల మోగింది. హీరో, యోహాన్, ఇంగ్లీషువాడు, నిర్మాత, నలభై మంది విలేకరులు చూస్తుండగా ఆ అట్టల స్టేడియం చుట్టూ పరిగెత్తాను. నాలుగో రౌండులో చెప్పు తెగింది. ఆరో రౌండులో నేనే తెగాను. బోర్లా పడ్డవాణ్ణి లేపి చెరో భుజం మీద మోసుకెళ్ళింది ఎవరనుకుంటున్నారు? ఇంగ్లీషువాడు, జర్మనీవాడు. నేను రాసిన సన్నివేశం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది, ఒక్క కన్నీళ్ళు తప్ప. వాళ్ళు నవ్వుతున్నారు.

ఆ ఫొటో మర్నాడు పేపర్లో పడింది. నా నెత్తి మీద 'హెల్సింకి 1940' అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మా అమ్మ దానికి ఫ్రేము కట్టించి హాల్లో వేలాడదీసింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, "మీవోడు ఒలింపిక్స్‌ల ఉరికిండా?" అని.

"ఉరికిండు," అంటుంది మా అమ్మ, టీ గ్లాసు చేతికిస్తూ. "గా యేడు ఇంకెవ్వలు రాలే."

కాబట్టి పాఠకులారా, కుడి చెయ్యి గుండె మీద వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ప్రపంచంలో ఎక్కడా ఏ ఆటలూ జరిపించను. ఏ దేశాన్నీ మరో దేశంతో కౌగిలించుకోమని బలవంతపెట్టను. ముఖ్యంగా, వ్యాయామం టీచరు ఏదైనా ఒక్కసారి చూసుకో నాయనా అంటే, అక్కడికక్కడే, నిలువుకాళ్ళ మీద, చూసుకుంటాను.