ఎర్రగుడ్డ లేని సీసా

మా చిన్నప్పుడు... నాయన బండి హారన్ గొంతు సన్నబడిందంటే ఇంట్లో అందరం ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాళ్ళం. ఆ రోజు అటక మీది వైరు బుట్ట కిందికి దిగుతుందన్నమాట.

ఆ బుట్టలో రెండు సీసాలుండేవి. రెండూ ఒకప్పటి ఆరెంజ్ స్క్వాష్ సీసాలే. ఒకదాంట్లో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్... రెండోదాంట్లో యాసిడ్. కొత్త బ్యాటరీ కొన్నప్పుడు అందులో పోయగా మిగిలింది. ఏదైనా సరే, పారబోయడానికి మా నాయనకు చేతులు రావు. చూడ్డానికి రెండూ మంచినీళ్ళలాగే ఉండేవి. యాసిడ్ సీసా మెడకు మాత్రం ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉండేది. "దాని జోలికి పోతే పేగులు మాడిపోతాయి" అని మా అవ్వ, అంటే నాయనమ్మ, రోజూ బెదిరించేది. నేనైతే ఆ బుట్ట కింద నిలబడడానికే జంకేదాన్ని.

అప్పుడు మేం వాషర్‌మెన్‌పేట్‌లో, ఇరుకు సందులో వరుస ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఆ ఎండాకాలం నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని బిందెలు, చెంబులు, సీసాలు... ఏది ఖాళీగా ఉంటే దాంట్లో నీళ్ళు పట్టేవాళ్ళం. సీసా కనబడితే ఎత్తి తాగడం పిల్లలందరికీ అలవాటైపోయింది.

ఒకరోజు పొద్దున నాయన కొట్టుకు బయల్దేరుతూ హారన్ నొక్కితే, జలుబు చేసిన మేకలా ఒక్క అరుపు అరిచి ఊరుకుంది. హెడ్‌లైట్ పసుపు రంగుకు దిగింది. ఇండికేటర్ వెలిగి అలాగే ఉండిపోయింది, కొట్టుకోవడం లేదు. "బ్యాటరీ పడుకునేసింది" అన్నాడు. పక్క మూత విప్పి, బ్యాటరీని బయటికి తీసి ఎండకు ఎత్తి చూశాడు. దాని ఒంటి మీద రెండు గీతలుండేవి. నీళ్ళు ఆ రెంటి మధ్య ఉండాలి... కింది గీత కన్నా తక్కువకు పోయాయి. ఎండలకు అంతేనట. నెలకోసారైనా చూసుకోకపోతే లోపలి పలకలు ఎండి బ్యాటరీ పూర్తిగా పోతుందట.

బుట్ట కిందికి దించి, మెట్టు మీద కూర్చుని నీళ్ళు పోశాడు. వైర్లు బిగించే చోట తెల్లగా ఉప్పు పూసినట్టుంటే తుడవడానికి గుడ్డ కావాలి కదా... చేతికి అందిన గుడ్డ ఏది? యాసిడ్ సీసా మెడకున్న ఎర్రగుడ్డే! అది విప్పి తుడిచేశాడు. కొట్టుకు పొద్దెక్కిపోతోందని బ్యాటరీని ఒరగకుండా సంచిలో పెట్టుకుని, ఛార్జింగ్‌కు ఇచ్చొస్తానని వెళ్ళిపోయాడు. సీసాలు మెట్టు మీదే ఉండిపోయాయి.

కాసేపటికి మా తమ్ముడు చిన్నోడు లోపలికొచ్చాడు. ఇంకా బడికి కూడా పోని వయసు. చేతిలో స్క్వాష్ సీసా... మూతి తడిగా ఉంది.

మొదట చూసింది అవ్వే. "ఓరి దేవుడా... ఏడదిరా ఈ సీసా?"

"ఆడ... మెట్టు మింద."

"తాగినావా?"

వాడు తలూపాడు.

నేను మెట్టు దగ్గరికి పరిగెత్తాను. రెండో సీసా ఉంది. దానికీ గుడ్డ లేదు. "అవ్వా, దేనికీ ఎర్రగుడ్డ లేదు!" అని అరిచాను. అవ్వ గుండెలు బాదుకుంటూ సందులోకి పోయి, "ఆటోకు చెప్పండప్పా... బిడ్డ యాసిడ్ తాగేసినాడు!" అని కేకలు. చిన్నోడు బావురుమన్నాడు. ఆ ఏడుపు కడుపు మంటకో, మమ్మల్ని చూసిన భయానికో తెలియదు... చచ్చిపోతాడేమో అనుకున్నాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఒక్క మాట అడగలేదు. వాడి చేతిలో సీసా లాక్కుని, ఎత్తి, గటగటా తాగేసింది.

నేను అమ్మ ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఒకేసారి ఇద్దరూ పోతారని అనిపించింది... నా చిన్నతనంలో అంత భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

"నీళ్ళే" అంది అమ్మ. అని, నేల మీద కూలబడి చిన్నోణ్ణి ఒళ్ళోకి లాక్కుని వణికిపోయింది. అమ్మకు కూడా భయం వేస్తుందని నాకు తెలిసింది అప్పుడే.

నాయన తిరిగొచ్చి అంతా విన్నాడు. రెండో సీసా తీసి, వాకిట్లో ముగ్గు మీద కొంచెం వంచాడు. బుస్సుమని నురగ పొంగింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ వైపు తిరిగి, "ఇట్ట ముగ్గు మింద ఒక బొట్టు పోసుంటే తెలిసిపోయేది గదా... నువ్వెందుకు తాగితివి?" అన్నాడు.

"ఆ నిమిషంలో ముగ్గు ఎవురికి గుర్తొస్తుంది? వాడికేమైతే నాకూ అదే కానీ అనుకున్నా" అంది అమ్మ.

మిగిలిన యాసిడ్‌ను నాయన ఆ సాయంత్రమే బ్యాటరీ షాపులో ఇచ్చేసి వచ్చాడు. చేతులు ఎలా వచ్చాయో మరి!

ఇప్పుడు నా స్కూటర్‌లో ఉన్నది సీలు వేసిన బ్యాటరీ. నీళ్ళు పోసే పని లేదు, గీతలు చూసే పని లేదు. మొన్న అది చచ్చిపోతే ఫోన్ చేశాను... ఎవరో వచ్చి కొత్తది బిగించి పాతది పట్టుకుపోయారు. ఇంట్లో ప్రతి సీసా మీదా లోపల ఏముందో అచ్చేసి ఉంటుంది. తను తాగి చూడాల్సిన గతి ఏ అమ్మకూ రాదు. మంచిదే... కానీ అమ్మ బిడ్డ కోసం ఏం చేయగలదో నేను కళ్ళారా చూశాను. నా పిల్లలకు అది నేనెలా చెప్పేది?

మీ అమ్మ భయపడడం మీరు మొదటిసారి ఎప్పుడు చూశారు? కింద రాయండి... చదువుతాను.