మైకు కోటేష్ ఊరుకున్న పొద్దు

కారేపల్లి చుట్టుపక్కల తండాల్లో పెళ్లయినా, తీజ్ పండుగయినా మైకు సెట్టు కోటేష్‌దే. చదివింది ఎనిమిది. కాలిపోయిన ఆంప్లిఫయర్లు విప్పి చూసీ చూసీ పని నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లలో అతనికి ఒంటబట్టింది ఒక్కటే: బాక్సులో చప్పుడు ఆగిందంటే ఏదో చెడిపోయినట్టే. వెంటనే చేయి వైరు మీదికి, నోరు మైకు మీదికి పోతాయి. "హలో, హలో, చెక్!"

అలాంటివాడిని ఒక బ్యాండులో పాడే శ్రావణి వెతుక్కుంటూ వచ్చింది, తమ మొదటి ఆల్బమ్ రికార్డు చేసిపెట్టమని. వాళ్లది ప్రోగ్రెసివ్ రాక్. ఒక్కో పాట ఇరవై నిమిషాలు, నడుస్తూ నడుస్తూ తాళం మార్చేస్తుంది.

"ఇది పాటనా, భద్రాచలం బస్సా? ఎక్కితే దిగుడే లేదు," అని ఎగతాళి చేసింది కోటేష్ భార్య ఉషారాణి.

కోటేష్‌కి మాత్రం ఆ పాటలు వింటుంటే వాగు వెంట పోతూ పోతూ ఎరగని అడవిలో తేలినట్టుండేది. ఎన్ని పెళ్లిళ్లు మోగించినా తెల్లారేసరికి ఒక్క శబ్దమూ మిగల్లేదు తనకు. ఇదొక్కటి మిగలాలి. అడవి అంచున రేకుల షెడ్డు చూసి, రేకులు మార్మోగకుండా లోపలంతా బొంతలు, షామియానా గుడ్డలు కట్టాడు.

చివరి పాటతో వచ్చింది చిక్కు. పన్నెండో నిమిషంలో అందరూ ఒక్కసారిగా ఆగుతారు. అర నిమిషం ఏమీ ఉండదు. తర్వాత శ్రావణి గొంతు మెల్లగా లేస్తుంది. అతుకులు లేకుండా ఒక్క ఊపున వాయించాలని వాళ్ల పట్టుదల. మొదటిసారి పాట ఆగగానే కోటేష్ వైరు పీకేశాడు. రెండోసారి "హలో, చెక్!" అన్నాడు.

"అన్నా, మేం కావాల్ననే ఆగినం," అంది శ్రావణి.

"నాకు తెల్సు చెల్లే. చెయ్యికే తెలుస్తలేదు."

డ్రమ్స్ వాయించే నాగరాజు మర్నాడే చెన్నైలో ఉద్యోగానికి బయల్దేరాలి. "పొద్దుగాల ఒక్కపారి వాయిస్త, బస్సెక్కుత. మళ్ల హలో అన్నవనుకో అన్నా, నిన్నే డ్రమ్ముల గూసోబెట్టి కొడ్త."

తెల్లవారింది. కోటేష్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండు చేతులూ తొడల కింద దోపుకుని కూర్చున్నాడు. పన్నెండో నిమిషం వచ్చింది. పాట ఆగింది.

వేళ్లు జివ్వుమన్నాయి. నాలుక మీదికొచ్చిన హలోని మింగేశాడు. చెవుల్లో ఏమీ లేదు. ఏమీ లేదు. అంతలో, టప్. మళ్లీ కాస్త దూరంగా, టప్. తలుపు అవతల ఎండుటాకుల మీద ఇప్పపూలు రాలుతున్నాయి. అంత మెత్తటి చప్పుడు తన మైకులో పడుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఆ పూల నడుమ నుంచే శ్రావణి గొంతు పొగమంచులా లేచింది.

పాట పూర్తయింది. నాగరాజు పుల్లలు దించి, రికార్డింగు ఆపమన్నట్టు సైగ చేశాడు. కోటేష్ అది చూసి, తల అడ్డంగా ఊపి కళ్లు మూసుకున్నాడు. చెవుల్లో ఇంకా పూలు రాలుతూనే ఉన్నాయి. చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి.

ఫ్లాస్కులో చాయ్ తెచ్చిన ఉషారాణి ఏందని అడగబోయి, అతని ముఖం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.