పసుపు గళ్ళు

కంప్యూటర్ తప్పు చేసిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. దానంతటది ఏమీ చేయదు. చేసిన మనిషి మా ఆఫీసులోనే ఏసీ కింద కూర్చుని టీ తాగుతుంటాడు.

రేణిగుంటలో మాది శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు పనివాళ్ళను పంపే కాంట్రాక్టరు ఆఫీసు. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా, బస్సు జాబితాలో మరోలా ఉంటుంది. ఎక్సెల్‌లో మామూలు ఫార్ములా ఆ ఒక్కరినీ ముగ్గురిని చేసి కూర్చోబెడుతుంది. అందుకని నేనే ఒక ఫంక్షన్ రాశాను. పేరు, తండ్రి పేరు, చిరునామా పక్కపక్కన పెట్టి ఎంత దగ్గరగా ఉన్నాయో నూటికి మార్కులు వేస్తుంది. అనుమానం వస్తే ఆ గడికి పసుపు రంగు పూస్తుంది. పసుపు కనబడితే ఫోన్ చేసి అడగాలి.

మా మేనేజరు సారుకు ఆ పసుపు నచ్చలేదు.

"ఇంత పసుపేందమ్మా, పెండ్లి పత్రికా ఇది? అన్నీ ఒకరే అని కొట్టెయ్."

నేను కొట్టేయనన్నాను. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఆయనే కొట్టేసి జాబితాను ఫ్యాక్టరీకి పంపేశాడు.

రెండు రోజులకు నగరి నుంచి ఒక అమ్మాయి వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. మరమగ్గాల ఇంటి పిల్ల. ఈ ఉద్యోగం కోసం ఇంట్లో పోట్లాడి వచ్చిందట.

"గేటు పాసు పన్చేయలేదక్కా. జాబితాలో నువ్వు రెండుసార్లుండావు, ఒకటి తీసేసినాం పో అన్నారు. రెండోది మా సిన్నాయన కూతురక్కా. మా అవ్వ పేరు ఇద్దురికీ పెట్టినారు."

మా వైపు ఎవరికి తెలియదు ఈ సంగతి? అన్నదమ్ములు ఎందరుంటే అందరూ తమ పెద్దబిడ్డకు అవ్వ పేరో తాత పేరో పెడతారు. పైగా ఉండేది ఒకే ఇంట్లో. తండ్రి పేరు తప్ప అన్నీ కలుస్తాయి. నా ఫంక్షన్ పసుపు పూసింది సరిగ్గా అక్కడే.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లను వెంటబెట్టుకుని సారు గదిలోకి వెళ్ళాను.

"ఆ సీటు వేరేవాళ్ళకిచ్చేసినారు. ఇంక ఖాళీ వస్తే సూద్దాం," అన్నాడు. "ఫ్యాక్టరీవాళ్ళే అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"మీ తాత పేరు మీ ఇంట్లో ఎంతమందికుండాది సార్?"

ఆయన చంద్రగిరి మనిషి. గొప్పగా నవ్వాడు. "నలుగురికి."

"అయితే ఒకరు అన్నం తింటే నలుగురికీ కడుపు నిండుతాదా?"

నవ్వు పోయింది. "అది వేరేలే," అని ఫోన్ చూసుకోసాగాడు. ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది.

అప్పటిదాకా తలుపు దగ్గర ఉన్న ఆ అమ్మాయి మెల్లగా ముందుకొచ్చింది.

"సార్, మా సిన్నాయన కూతురి పాసు పన్చేస్తాండాది. ఒకనాడు అది పోతాది, ఒకనాడు నేను పోతాను. మేమిద్దురం ఒకరే అంటిరి కదా సార్."

వెటకారం కాదు. నిజంగానే అడుగుతోంది.