మూత తీయించి తీసిన ఫోటో

ఉదయగిరిలో సుకుమారి స్టూడియోకి పెళ్లిళ్లు తగ్గిపోయాయి. చావులకు మాత్రం పిలుస్తారు. భర్త పోయాక కెమెరా తనంతట తనే నేర్చుకుంది. దాని పైనున్న చక్రం మీది అక్షరాలకు అర్థం చెప్పేవాళ్లు లేక, ఒక్కో అక్షరం దగ్గరికి తిప్పి ఎదురుగోడనే ఫోటో తీసి, తేడా చూసి తెలుసుకుంది. మామూలుగా ‘ఎ’ మీద ఉంచుతుంది. అందులో లెన్సు ఎంత తెరవాలో తను చెబుతుంది, ఎంతసేపు తెరిచి ఉంచాలో కెమెరా చూసుకుంటుంది. ‘ఎమ్’ మీద రెండూ తనే పెట్టాలి.

ఆ రోజు వింజమూరు దగ్గరి పల్లె నుంచి హన్నమ్మ కబురు పెట్టింది. ఆమె కూతురు జెస్సికాకు ఆత్మకూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీశారు. తల్లికి తెలివి రాకముందే బిడ్డ పోయింది.

“ఒక్క ఫోటో తియ్యమ్మా. నా కూతురు చూసుకునేదానికి ఇంకేం లేదు,” అంది హన్నమ్మ.

వాకిట్లో ఎండలో చిన్న చెక్కపెట్టె. నిండా తెల్లబట్ట, తెల్లపూలు, మధ్యలో గుప్పెడంత ముఖం. సుకుమారి ‘ఎ’ మీదే నాలుగు తీసింది. ఎండకు స్క్రీన్ కనిపించలేదు. ప్రార్థన అయింది. హన్నమ్మ భర్త వెంగయ్య మూత పెట్టాడు.

పంచ నీడలోకి వెళ్లి చూసుకుంటే, బట్ట మడతలన్నీ ఉన్నాయి. ముఖం నల్లటి మచ్చ.

పెద్దవాళ్లు పోయినప్పుడు ఫోటోలో పెట్టె చుట్టూ చీరలూ గోడలూ ఉంటాయి, కెమెరా లెక్క సరిపోతుంది. ఇక్కడ అంతా తెలుపే. వెలుగు ఎక్కువైందనుకుని కెమెరా తగ్గించేసింది.

“అక్కా, మొకం రాలేదు. మూత తియ్యాల.”

“పెట్టిన మూత తీసేది మనలో లేదు,” అన్నాడు వెంగయ్య. “ఇదేమన్నా పెళ్లా ఏంది, మళ్లీ మళ్లీ తీసేదానికి?”

“నువ్వు నోరు మూసుకో. రేపు ఆత్మకూరులో దాని ముందర నిలబడేది నువ్వా, నేనా?” అంటూ హన్నమ్మే మూత ఎత్తింది.

సుకుమారి చక్రం ‘ఎమ్’కి తిప్పింది. అంత చిన్న ముఖం మీద కొలత అందదని, హన్నమ్మ చేతిని దాని పక్కన పెట్టించి, దగ్గరగా ఆ చర్మం మీదే వెలుగు కొలిచింది. చెయ్యి తీయమని, ఆ కొలత మార్చకుండా తీసింది. ఈసారి పంచలోకి పోయి చూసుకుని వచ్చాకే మూత వేయనిచ్చింది. నుదురు, మూసిన కళ్లు, పెదవి వచ్చాయి. బట్ట మడతల్లేకుండా తెల్లగా అయిపోయింది.

మరుసటి రోజు సుకుమారీ హన్నమ్మా ఫోటో తీసుకుని ఆత్మకూరు వెళ్లారు. జెస్సికా ఏడవలేదు. చాలాసేపు చూసింది.

“కాళ్లేవి?”

“బట్ట కింద ఉండాయమ్మా,” అంది సుకుమారి.

“కాస్త తొలగించి తియ్యకపోయినావా? నేను కాళ్లు కూడా చూడలేదు గదా.”

 అప్పటికే పల్లెలో పెట్టె మీద మట్టి కప్పేశారు.

జెస్సికా ఫోటోలోని తెలుపు మీద వేలు పెట్టి తల్లి వైపు చూసింది. “కాళ్లు ఇక్కడి దాకా ఉంటాయా?”

హన్నమ్మ ఆ వేలు పట్టుకుని కొంచెం కిందికి జరిపింది.