మా అమ్మ పట్టిన శ్రమకాలం

మార్చిలో పడే తొలివానకు అరకు దారిలో కాఫీ తోటలు తెల్లగా విరబూసి, మల్లెల్లాంటి ఆ వాసన జీపులోకి కొట్టగానే నాకు శ్రమకాలం గుర్తొస్తుంది. తొంభైల్లో మా కొండ మీద ఈస్టరుకు ముందటి ఆ నలభై రోజులంటే, తెల్లారి ఇప్పపూలు ఏరడం, వాకిట్లో ఎండే చింతపండు పులుపు వాసన, పొద్దుగూకాక రేకుల మందిరంలో సాగదీసి పాడే సిలువ పాటలు.

మైదానం నుంచి వచ్చిన పాస్టరుగారు మధ్యాహ్నం తిండి మానేయమన్నారు. అమ్మ మానేసింది. అయితే తన వాటా చోడి అంబలిని, అదే రాగి జావను, ఆనపకాయ బుర్రలో పోసి, నన్ను వెంటబెట్టుకుని, ఊరి వాగు, మేం గెడ్డ అనేది, దాటి పెద్దమ్మ ఇంటికి మోసుకెళ్ళేది. పెద్దమ్మ, అమ్మకు తోడబుట్టిన అప్ప, విస్తళ్ళు కుట్టే అడ్డాకులకు అడవికి వెళ్ళి జారిపడి కాలు విరిగి మంచాన ఉంది. వాళ్ళింట్లో కొలిచేది పాత దేవతలనే. ఆ గడప తొక్కకూడదని పాస్టరుగారి కట్టడి.

దేవతకు పెట్టనిదే ఎవరూ తొలి మామిడికాయ ముట్టని పండగ ఒకటి ఆ రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు పెద్దమ్మ, కోడలి చేత దేవతకు పెట్టిన మామిడికాయ కూర, అన్నం అడ్డాకులో పెట్టించింది.

“తినవేటే? మీ దేవుడు కోప్పడతాడేటి?” అంది.

అమ్మ కూర్చుని, మెతుకు మిగల్చకుండా తింది. నాకూ తినిపించింది.

ఎవరు చెప్పారో, మర్నాడే పాస్టరుగారు మా ఇంటికొచ్చారు. సంఘం ముందు క్షమాపణ చెప్పకపోతే ఈస్టరు నాడు ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె అమ్మకు ఇవ్వనన్నారు.

“మా అప్ప పెట్టింది తిన్నానయ్యగారూ,” అంది అమ్మ. “ఆకలి మాకు కొత్తేటి? వానాకాలం అంతా పస్తులే గదా. నే మానీసిన పూట ఇంకొకలి కడుపులో పడకపోతే, దాన్ని ఉపాసమని ఎలాగంతాం?”

ఈస్టరు నాడు తెల్లచీర కట్టుకుని, అందరితోపాటు మోకరించి అరచేయి చాచింది. పాస్టరుగారు పళ్ళెంతో ఆమెను దాటి వెళ్ళిపోయారు. అమ్మ చేయి దించలేదు. పాట అయిపోయింది, పక్కవాళ్ళు లేచి వెళ్ళారు, ఆమె అలాగే ఉంది. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి, మందిరంలో ఏనాడూ నోరెత్తని మా అయ్య లేచి వచ్చి, తన రొట్టెముక్క విరిచి సగం ఆమె చేతిలో పెట్టాడు.

“తిను. ఎల్దాం,” అన్నాడు.

అమ్మ క్షమాపణ చెప్పనూ లేదు, మందిరం మాననూ లేదు. పెద్దమ్మ కాలు కుదిరాక కూడా ఏటేటా ఆ పూట అంబలి గెడ్డ దాటుతూనే ఉంది.

ఇప్పుడు అమ్మా లేదు, పెద్దమ్మా లేదు. మందిరానికి శ్లాబు పడింది, మైకులొచ్చాయి, ఉపవాస కూటాలు పెరిగాయి. మానేసిన పూట మాత్రం ఎవరి ఇంటికీ వెళ్ళడం లేదు. గెడ్డకు ఇటు పిల్లలకు అటు ఇళ్ళలో పేర్లు కూడా తెలియవు. కిందటి వారం సంఘపెద్ద నన్ను ఆపి, పెద్దమ్మ కోడలి ఇంట్లో పండగ కూడు తిన్నావట, నిజమేనా అని అడిగాడు.

నిజమేనన్నాను. వచ్చే ఏడూ తింటానన్నాను.