ఓటరు జాబితాలో లేని అప్పలస్వామి అంకుల్

ఈ ఉదయం లిఫ్టులో ఒక పెద్దాయన నా పక్కన నిలబడ్డాడు. గంజి పెట్టి, అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఆ వేడి గుడ్డ వాసన తగలగానే ఉలిక్కిపడి అటు తిరిగాను. సింగపూరులో, యీషున్‌లోని మా బ్లాకులో గంజి చొక్కా వేసుకునే మనిషిని అప్పలస్వామి అంకుల్ తర్వాత మళ్ళీ చూడలేదు. ఆయన పోయి ఏడాది దాటింది. లిఫ్టు కిందికి చేరేలోగా ఆయనా, ఆయన భయమూ, ఆయన్ని చూసి నేను పడ్డ భయమూ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అంకుల్ మా ఫ్లాటుకు రెండు తలుపుల అవతల ఒంటరిగా ఉండేవారు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చి, తర్వాత సింగపూరులో కూలిపనికి చేరాడట. అంకుల్ ఇక్కడే పుట్టారు, ఇక్కడే ఓడల యార్డులో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. ఆంధ్రాను కళ్ళతో చూడకపోయినా వాళ్ళ నాన్న యాసను మాత్రం నాలుక మీద భద్రంగా దాచుకున్నారు. నేను బ్యాంకు ఉద్యోగానికి ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఏ బస్సు ఎక్కాలో, ఏ హాకరు సెంటర్లో మంచి కాఫీ దొరుకుతుందో ఆయనే చూపించారు. నేను డెంగీతో పడుకున్న వారమంతా పూటపూటా గంజి కాచి తెచ్చారు. దేనికీ భయపడని మనిషి అనుకునేదాన్ని.

అప్పటికి నాది శాశ్వత నివాసం, అంటే పీఆర్, మాత్రమే. పన్ను కట్టవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు, ఓటు వేయకూడదు. ఇక్కడ ఓటు పౌరులకే, అదీ ఇరవై ఒకటి నిండినవాళ్ళకే. వాళ్ళు తప్పనిసరిగా వేయాలి కూడా. వేయకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఒక పోలింగు రోజు ఉదయం అంకుల్ లిఫ్టు దగ్గర కనిపించారు. తెల్లచొక్కా, పాలిష్ చేసిన బూట్లు.

"ఓటుకేనా అంకుల్?"

"అవునమ్మా, డ్యూటీ కదా. నువ్వు పీఆర్ కదా, హాయిగా పడుకో లా," అని, ఇక్కడివాళ్ళలాగే చివర ‘లా’ తగిలించి నవ్వారు.

పోలింగు మా బ్లాకు వెనకున్న స్కూల్లోనే. సెలవు కదా అని నేను స్నేహితురాలిని కలవడానికి దూరంగా ఉన్న జురాంగ్ ఈస్ట్ వెళ్ళాను. స్టేషన్లో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద అంకుల్! చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, వచ్చే రైళ్ళనూ పోయే రైళ్ళనూ చూస్తూ కూర్చున్నారు. నన్ను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"ఎవులికీ సెప్పకమ్మా," అంటూ నా మణికట్టు పట్టుకున్నారు. "లిస్టులో నా పేరు నేదు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఇలాగే బయలెల్లిపోతాను. ఇంట్లో ఉండిపోతే బ్లాకులో వాళ్ళకి తెలిసిపోద్ది."

చాలా ఏళ్ళ క్రితం ఒక ఎన్నికలో ఓటు వేయలేకపోయారట. ఎందుకో ఆ రోజు చెప్పలేదు. పేరు తిరిగి చేర్చమని అడగవచ్చు కదా అన్నాను.

"అడిగితే ఎందుకెయ్యలేదంటారు. నా ఐసీ లాగేసుకుంటే? ఈ వయసులో నానెక్కడికి పోతాను? ఆంధ్రాలో నాకెవులున్నారు?"

వాళ్ళ నాన్న పౌరసత్వానికి ఎన్నిసార్లు పెట్టుకున్నా రాలేదట. చనిపోయేదాకా పౌరులు కానివాళ్ళకిచ్చే నీలం గుర్తింపు కార్డే. సర్కారు ఆఫీసు నుంచి ఏ ఉత్తరం వచ్చినా, ఇల్లు ఖాళీ చేసి పొమ్మంటున్నారేమోనని తల్లీ పిల్లలూ పొయ్యి దగ్గర నక్కి కూర్చునేవారట. అంకుల్ ఈ నేల మీద పుట్టిన పౌరుడు. ఆయన చేతిలో ఉన్నది పౌరులకిచ్చే గులాబీ కార్డు. అయినా ఆ పొయ్యి దగ్గర మొదలైన వణుకు ఆయన్ని వదల్లేదు. "తాకుత్ అమ్మా, తాకుత్," అన్నారు. భయమనే మాట ఆయన నోట ఎప్పుడూ మలయ్‌లోనే వచ్చేది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వారమే నేను పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాను. ఆయన భయం అంటుజబ్బులా నాకూ పట్టుకుంది. విచారణకు వచ్చినవాళ్ళు ఇరుగుపొరుగును అడుగుతారేమో, ఆయనతో నన్నూ కలిపి చూస్తారేమో అని ఏవేవో ఊహించుకున్నాను. దరఖాస్తు తేలేదాకా ఆయన తలుపు చప్పుడైతే నేను బయటికి వెళ్ళేదాన్ని కాదు. నాకు గంజి కాచిపెట్టిన మనిషిని చూసి దాక్కున్నాను.

ఏడాది దాటాక పౌరసత్వం వచ్చింది. భారత పాస్‌పోర్టు అప్పగించి, గులాబీ కార్డు తెచ్చుకున్న రోజు సిగ్గుపడుతూనే ఆయన తలుపు కొట్టాను. నేనెందుకు కనిపించడం లేదని ఆయన అడగలేదు. కార్డు రెండు చేతులతో అందుకుని, "నువ్వు మాత్రం ఓటు తప్పకు. నాలాగయిపోకు," అన్నారు.

ఆ మాట తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నిబంధనలన్నీ కూర్చుని చదివాను. ఓటు వేయలేకపోయినవాళ్ళు కారణం చెప్పి పేరు తిరిగి చేర్పించుకోవచ్చు. ఎన్నిక ప్రకటించారంటే మాత్రం అది ముగిసేదాకా ఆ వీలుండదు. అప్పటికే మళ్ళీ ఎన్నికలు దగ్గర పడ్డాయని కాఫీ షాపుల్లో అందరూ అనుకుంటున్నారు. పరుగున వెళ్ళి చెప్పాను.

"వద్దు!" అని ఆయన అరిచారు. అంతకుముందు ఆయన గొంతు పెంచడం వినలేదు. తలుపు వేసేసుకున్నారు. అయిదు రోజులు తీయలేదు. లోపల ఏమైనా అయిందేమోనని చెవి ఆనించి వినేదాన్ని; రేడియో సన్నగా వినిపిస్తే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆరో రోజు ఉదయం ఆయనే బెల్లు కొట్టారు. చంకలో ప్లాస్టిక్ ఫైలు. "పద. మళ్ళీ మనసు మారిపోద్ది," అన్నారు.

కమ్యూనిటీ క్లబ్బులో కౌంటరు వెనక పాతికేళ్ళ చీనా అమ్మాయి కూర్చుని ఉంది. "వై నెవర్ వోట్, అంకుల్?" అని మామూలుగానే అడిగింది. ఆయన ఫైలులోంచి ఒక్కొక్క కాగితమే తీసి ముందు పెట్టారు. ఆసుపత్రి చీటీలు. చివరగా భార్య మరణ ధ్రువపత్రం. ఆ అమ్మాయి తేదీ చూసింది, ఆయన ముఖం చూసింది. ఆయన ఓటు తప్పిన ఆ పోలింగు నాడే ఆవిడ పోయింది.

"సారీ, అంకుల్. కెన్, కెన్. సైన్ హియర్," అంది మెల్లగా, సరిపోతుందన్నట్టు తల ఊపి.

అంతే. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన సంతకం గడి దాటి పక్కకు పోయింది. ఆ అమ్మాయి దాన్ని పట్టించుకోలేదు.

బయటికొచ్చాక ఆయన సంతోషిస్తారనుకున్నాను. మెట్ల మీద కూలబడి, కోపంగా "ఇంతేనా?" అన్నారు. "ఇంతేనా అమ్మా?" అని మళ్ళీ అడిగారు. చాలాసేపటికి మిగిలింది చెప్పారు. "ఆవిడ పోతావుంటే సెయ్యి పట్టుకుని కూకున్నాను. కళ్ళు మాత్రం గడియారం మీదే. పోలింగు అయిపోద్ది, ఏటి సేసేస్తారో అని. ఆకరి గంటలో దాని మొకం సూడనేదు. గడియారం సూసాను."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

ఎన్నికలొచ్చాయి. మా వెనక స్కూల్లో వరుసలో ఆయన ముందు, నేను వెనక. బ్యాలెట్ కాగితం మీద నంబరు చూసి ఆయన బిగుసుకుపోయారు. దాంతో పట్టుకుంటారా అన్నట్టు నా వైపు తిరిగారు. అక్కడి అధికారి గమనించి, మీ ఓటు రహస్యమే, నంబరు దొంగ ఓట్లు పడకుండా వేసింది అని చెప్పాడు. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. అయినా లోపలికి వెళ్ళారు. బయటికొచ్చేసరికి నుదురంతా చెమట.

"భయం పోయిందా అంకుల్?"

"నేదమ్మా. బయింగానే ఉంది. బయింతోనే ఏసేసాను."

తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. నిద్రలోనే పోయారు.

కిందటి నెల మా ఊరి నుంచి బాబాయి ఫోన్ చేశాడు. అప్పుడు సర్పంచిగా నిలబడుతున్నాడు. నాన్న పోయాక నన్ను చదివించినవాడు బాబాయే. ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగను. "నీ పేరు ఇక్కడి లిస్టులో అట్నే ఉందిరా తల్లీ. నాలుగు ఓట్ల మీద పోద్దో వచ్చిద్దో తెలవని ఊరు. ఒక్కరోజు వచ్చి ఏసిపో. ఎవుడికి తెలుసుద్ది?" అన్నాడు.

భారత పౌరసత్వం వదులుకున్న రోజే ఆ ఓటు పోయిందని నాకు తెలుసు. వేస్తే నేరమని కూడా తెలుసు. అంతకన్నా బాబాయికి కాదని చెప్పడమే భయంగా ఉంది. సెలవు దొరకలేదనవచ్చు, టికెట్టు దొరకలేదనవచ్చు. ఆ అబద్ధాలన్నీ వరసగా నాలుక దాకా వచ్చాయి.

"బాబాయ్, నాకు అక్కడ ఓటు లేదు. ఆ పేరు తీసేయమని నేనే రాసి పంపుతున్నాను. నీకు ముందే చెప్పాలని..." బాబాయి ఫోన్ పెట్టేశాడు.

దరఖాస్తు పంపాను. బాబాయి మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడటం లేదు. వచ్చే నెల చెల్లెలి పెళ్ళి, బాబాయి ఇంట్లోనే. గుమ్మంలో ఆయన ఎదురైతే ఏమంటాడో అని తలుచుకుంటే భయంగానే ఉంది. టికెట్టు తీసుకున్నాను. వెళుతున్నాను.