మునియక్క అనాసపండు

మద్రాసు హార్బరు గేటు బయట అనాసపండ్లు కోసి అమ్మే మునియక్క, ఓడ దిగిన కొత్త మొహం కనబడితే చాలు, పండును జుట్టు పట్టి పైకెత్తి కనుబొమలెగరేస్తుంది. పేరు తను చెప్పదు. రష్యావాడు "అనానాస్" అన్నాడు. అరబ్బువాడూ అదే, జర్మనీవాడూ అదే! విన్నప్పుడల్లా చుట్టం దొరికినట్టు గంతేసి, ఉప్పూకారం అద్దిన ముక్క చేతిలో పెడుతుంది. "పండూ పేరూ ఒకే ఓడ దిగినాయని మా తాత చెప్పేవోడు, చూస్తివా!" అని పక్కన వేరుశనక్కాయలమ్మే లూర్దుమేరిని పట్టి కుదిపేస్తుంది.

దొరల రాజ్యం పోయిన పదేళ్ళకు, ఒక సాయంత్రం, ఇంగ్లండు ఓడ దిగిన దొర "పైనాపిల్" అన్నాడు. మునియక్క పండును మళ్ళీ ఎత్తి చూపింది. మళ్ళీ అదే మాట. జాలిపడి పెద్ద ముక్కే ఇచ్చింది.

"పాపం దొరలు, మేరీ! అన్నేండ్లు ఈడనే ఉండి ఏలినారు. దీని పేరేమని ఒక్కరన్నా మనల్ని అడగలేదే!"